అద్దంలాంటి నేల

ఆ టైల్స్ ఎంచుకున్నది సుయెన్. కొట్టువాడు గరుకువీ, గళ్లవీ, మట్టిరంగువీ చాలా చూపించాడు. "మనది నీళ్ల ఊరు వదినా, ఇవైతే కాలు నిలుస్తుంది" అని చెప్పి చూశాడు. ఆమె వింటేనా! పాలమీగడ రంగులో, వంగితే మొహం కనబడేంత నున్నగా ఉన్నవాటి మీద చెయ్యి వేసింది, ఇక ఆ చెయ్యి తియ్యలేదు.

ఆమె కారణం ఆమెకుంది. సుయెన్ పుట్టిన ఇల్లు మట్టినేల ఇల్లు. మెకాంగ్ నది పాయల్లో పోటు లేచిన రోజున కాలువ నీళ్లు ఎవర్నీ అడక్కుండా గుమ్మం దాటి వచ్చేవి. పొద్దున్నే మంచం మీంచి కాళ్లు దించితే చీలమండల దాకా బురద. చెప్పులు తేలుకుంటూ వంటింట్లోకి పోయేవి. బళ్లో పక్కపిల్లలు ఆమె కాలిగోళ్ల వంక చూసి మూతులు తిప్పేవారు. పెళ్లయి వచ్చిన ఇల్లు కూడా అలాంటిదే. అందుకే భర్త తాన్ ఇసుక పడవల మీద ఏళ్ల తరబడి చాకిరీ చేసి, ఆకుల కప్పు పీకించి గోడల ఇల్లు కట్టిస్తున్నప్పుడు, "గోడలకి ఏ రంగు వేయిస్తావో నీ ఇష్టం. నేల మాత్రం నాకు వదిలెయ్" అంది.

అత్తగారు లువాకి ఆ నేల మొదటి రోజు నుంచీ గిట్టలేదు.

"ఇల్లు కట్టారా, చేపల కొట్టు పెట్టారా? అడుగేస్తే బతికున్న జెల్ల మీద వేసినట్టుందే" అనేది.

"అలవాటైపోతుంది లెండి అత్తయ్యా."

"నాకా, జెల్లకా?"

లువా మాటలకి తడుముకునే మనిషి కాదు. వయసులో ఉండగా కొబ్బరికాయల కావడి భుజానేసుకుని, కాలువల మీద ఒంటిదుంగ వంతెనలు దాటుకుంటూ సంతలన్నీ తిరిగింది. పట్టుకోవడానికి పక్కన వెదురు బొంగు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. డెబ్భై దాటాక కూడా వాకిలి ఊడ్చడం, బాతులకి మేత వెయ్యడం, ఎండు మట్టలు ఏరి పొయ్యి పక్కన పేర్చడం ఆమె పనులే. వేరొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

ఒకరోజు పొద్దున్న సుయెన్ సంతకి వెళ్లి, ఎండ బాగా ముదిరాక తిరిగొచ్చింది. వచ్చేసరికి అత్తగారు వంటింటికీ స్నానాల గదికీ మధ్య నేలమీద చతికిలబడి, గోడకి వీపు ఆనించి అలసంద కాయలు తుంచుతోంది.

"అదేంటత్తయ్యా, కింద కూర్చున్నారు? కుర్చీ ఉందిగా."

"చల్లగా ఉందే ఇక్కడ. నీ టైల్స్ ఇన్నాళ్లకి ఓ పనికొచ్చాయి."

ఆ మాటకి సుయెన్ మనసులో పొంగిపోయింది. చేపలు కడిగింది, అన్నం పొయ్యి మీద పెట్టింది, నేల మీద చేపనీళ్ల చుక్కలు కనబడితే మాపు కర్ర పట్టుకొచ్చింది.

"కాస్త కాళ్లు ముడవండి, తుడిచేస్తాను."

"తరవాత తుడుచుకోవే. నేను లేచాక."

"ఎప్పుడు లేస్తారూ?"

"ఈ కాయలు కానియ్."

కాయలు ఎప్పుడో అయిపోయాయి. ఆవిడ తుంచిన ముక్కల్నే మళ్లీ తుంచుతోంది. సుయెన్ చూసింది కూడా. చూసి, ముసలాళ్ల చాదస్తం అనుకుని, అత్తగారి కాళ్లు నడిసముద్రంలో దిబ్బలైనట్టు వాటి చుట్టూతా తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అన్నం ఉడికే వేళకి లువా పిలిచింది.

"ఇలా వచ్చి ఓ చెయ్యియ్యి. కాలు తిమ్మిరెక్కింది."

ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

సాయంత్రం నడుముకి నొప్పుల పచ్చనూనె రాద్దామని జుబ్బా పైకి తీసిన సుయెన్ సీసా కింద పెట్టేసింది. ఎడమ తుంటి నుంచి తొడ సగం దాకా నేరేడుపండు పిండినట్టు నల్లగా కమిలిపోయి ఉంది.

"అత్తయ్యా! ఏంటిది?"

"అరవకు. పక్కింటికి వినబడుతుంది."

"ఎప్పుడు పడ్డారు?"

"నువ్వు అటు వెళ్లావు, నేనిటు పడ్డాను. స్నానాల గది గుమ్మంలో జారింది. పిలిచాను గానీ ఎవరు వింటారు? ఆ పక్కింటివాడు పాటలు పెట్టాడంటే కాలువ అవతలికి వినబడతాయి."

"మరి... ఆ కాయలు?"

లువా గోడవైపు తిరిగి చెప్పింది. "బుట్ట దగ్గర్లోనే ఉంటే కాలితో లాక్కున్నాను. ఎవరైనా వస్తే, నేల మీద ఎందుకున్నావు ముసలమ్మా అని అడుగుతారుగా. పని చేసుకుంటున్నాను అని చెబుదామని."

సుయెన్ జుబ్బా మెల్లగా కిందికి దించింది. పూటంతా ఈ మనిషి నేలమీద లేవలేక కూర్చుంటే, తను చుట్టూ తుడిచింది.

"ఆయనకి ఫోను చేస్తాను. ఆసుపత్రికి పోదాం."

"ఎముక విరిగితే నడిచి మంచమెక్కేదాన్నా? తాన్‌కి చెప్పకు. నీ ఆడబిడ్డకి అసలే చెప్పకు." లువా ఈసారి కోడలి మణికట్టు పట్టుకుంది. "హ్వే ఏమైందో చూశావుగా."

హ్వే ఆ వీధిలోనే ఉండేది, లువాకి చిన్ననాటి స్నేహితురాలు. రేవులో కాలు జారి పడింది. విరిగింది కూడా ఏమీ లేదు. పిల్లలు హడిలిపోయి, "నువ్వు కదలకమ్మా, మేం చూసుకుంటాం" అని మంచమెక్కించారు. ముందు చేతిలో చీపురు తీసుకున్నారు, తరవాత తెడ్డు తీసుకున్నారు, ఆ తరవాత గదిలోంచి బయటికి రానివ్వలేదు. కొత్త సంవత్సరం తేత్ పండగ వచ్చేసరికి ఆమె వీపు పుండ్లు పడి ఉంది. పండగ వెళ్లిన వెంటనే పాతిపెట్టారు.

"అది పడి చావలేదే" అంది లువా. "పడుకోబెడితే చచ్చింది."

సుయెన్ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. కానీ భయం మాటలకి లొంగదు. అత్తగారు మంచం దిగితే చాలు, చేతిలో పని ఒదిలేసి పరిగెత్తుకొచ్చేది. "ఏం కావాలి? నేను తెస్తాను కూర్చోండి" అనేది. చీపురు అటక మీద పెట్టేసింది. బాతులకి తనే మేత వేసింది. స్నానాల గది దాకా నడిపించడం ఎందుకని మంచం పక్కనే మూత ఉన్న డబ్బా పెట్టింది. దాన్ని చూసి మొదటిరోజు లువా దుమ్మెత్తిపోసింది.

"నేనేం పసిపిల్లనటే? నా ఒంటికి నేను నీళ్లు పోసుకోలేనా?"

"నాకోసం అత్తయ్యా. నా ప్రాణం నిలబడదు."

అలా బతిమాలితే ఎన్ని రోజులని తిడుతుంది? కొన్నాళ్లకి తిట్టడం మానేసింది. ఆ తరవాత అడగడమూ మానేసింది. పెట్టింది తినేది, గుమ్మంలోంచి వాకిలి వైపు చూసేది. ఒంటికి పని లేక నిద్ర పట్టట్లేదంటే, సుయెన్ సంత దగ్గర మందుల కొట్లో అడిగి మాత్రల పొట్లం తెచ్చిచ్చింది. వాటితో పడుకున్న మనిషి పొద్దెక్కినా తూలుతూనే ఉండేది. "చూశారా, ఇందుకే లేవొద్దనేది" అనేది సుయెన్, ఆవిడ భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెడుతూ.

దుంగ వంతెనలు దాటిన పిక్కలు ఖాళీ సంచుల్లా వేలాడసాగాయి. సుయెన్ వాటికి రోజూ నూనె రాసేది. ప్రేమగా రాసేది. అవి అలా ఎందుకయ్యాయో తనని తను ఒక్కసారీ అడగలేదు.

మామగారి సంవత్సరీకం వచ్చింది. తాన్ పడవ మీద సెలవడిగి వచ్చాడు. అతని అక్క బిక్, కాన్‌థో అనే పట్నం నుంచి మొగుడితో, పిల్లలతో దిగింది. తల్లిని చూడగానే బిక్ మరదల్ని కావలించుకుంది.

"మా అమ్మని రాణిలా కూర్చోబెట్టావు సుయెన్. మా అత్తగారైతే ఇంకా ఆకుకూర కోయిస్తోంది నాచేత."

సుయెన్ సిగ్గుపడింది. మంచం మీంచి లువా ఏమీ అనలేదు. అదివరకైతే ఏదో ఒక చురక అంటించేది.

తెల్లారి నుంచీ సుయెన్ ఒక్క నిమిషం కూర్చోలేదు. చుట్టాలొచ్చే రోజని నేలంతా వాసన మందు వేసి రెండోసారి తుడిచింది. పెద్దల పటాల ముందు అగరొత్తులు వెలిగించారు, వంటకాలు వరసగా పెట్టారు. పిల్లలు పంపు దగ్గర కాళ్లు తడుపుకుని ఇల్లంతా తొక్కుతున్నారు. మగవాళ్లు ముందు గదిలో చాపలు పరిచి కూర్చున్నారు. బెల్లప్పాకంలో వండిన చేపల మట్టిగిన్నె పళ్లెంలో పెట్టుకుని సుయెన్ వంటింట్లోంచి వస్తోంది. వస్తూ వస్తూ ఎవరి మాటకో నవ్వింది.

కాలు ముందుకి పోయింది, ఒళ్లు వెనక్కి పోయింది. గిన్నె ఎగిరి గోడకి తగిలి పగిలింది. పడుతూ ఆనించిన కుడిచేతిలో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ముందు ఒకరిద్దరు నవ్వారు. ఆమె మొహం చూసి ఆపేశారు.

తాన్ చంకల కింద చేతులేసి లేపబోయాడు.

"ముట్టుకోకు!"

అందరూ వెనక్కి తిరిగారు. లువా లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. గోడ పట్టుకుని, కాళ్లు వణుకుతుంటే అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, దగ్గరున్న ముక్కాలిపీట మీద కూలబడి, కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"లాగి లేపేస్తారా? గోనె బస్తానా అది? ముందు ఊపిరి పీల్చుకోనియ్యండి. ఎక్కడే నొప్పి?"

"చెయ్యి అత్తయ్యా."

"తుంటి? నడుం?"

"చెయ్యే."

"కాళ్లు కదుపు. ఊఁ. అయితే మంచమెక్కవులే."

పట్నం ఆసుపత్రికి పడవలో తీసుకెళ్లారు. తనూ వస్తానని లువా పట్టుబట్టింది. ఎందుకమ్మా నీకు ఈ అవస్థ అని బిక్ అంటే, "నా కోడలు నా ఇంట్లో పడింది, నేను కాక ఎవరొస్తారు?" అంది. మణికట్టు ఎముక చిట్లిందని చెప్పి, మోచేతి దాకా పిండికట్టు వేశారు. కట్టు ఆరేదాకా కూర్చోబెట్టిన నర్సు ఎలా పడ్డావని అడిగింది. సుయెన్ నేల సంగతి చెప్పడం మొదలుపెట్టగానే బిక్ అందుకుంది.

"ఇంకా నయం, పడింది మా అమ్మ కాదు."

"నేనూ పడ్డాను" అంది లువా.

తాన్ తల్లి వైపు చూశాడు, తరవాత పెళ్లాం వైపు.

"ఎప్పుడు? నాకు చెప్పలేదేం?" గొంతు పెరిగింది. "నేను అక్కడ పడవ మీద చస్తూ ఉంటే ఇంట్లో ఏం జరుగుతుందో నాకక్కర్లేదా సుయెన్?"

"దాన్ననకు. నేనే వద్దన్నాను. చెబితే ఏం చేసేవాడివి? మంచం ఎక్కించేవాడివి. నీకు చెప్పకుండానే ఎక్కాను, చాలు."

నర్సు ఆ గొడవలో కలగజేసుకోలేదు. లువా ముందుకి ఓ కుర్చీ లాగింది. "అమ్మమ్మా, చేతులు గుండెల మీద పెట్టుకుని ఈ కుర్చీలోంచి ఒకసారి లేచి చూపిస్తారా?"

లువా చేతులు కట్టుకుంది. ముందుకి వంగింది. ఒళ్లు కాస్త లేచి మళ్లీ కుర్చీలో పడింది. ఇంకోసారి ప్రయత్నించింది. మొహం ఎర్రబడింది గానీ కాళ్లు మాట వినలేదు. సుయెన్ అది చూడలేక పక్కకి తిరిగింది. పడిన మర్నాడు కూడా ఇదే మనిషి తనంతట తను మంచం దిగి నడిచింది. ఆమెని ఇలా చేసింది ఆ పడడం కాదు.

"రోజూ ఏం పని చేస్తారు?" నర్సు అడిగింది.

"నన్ను చెయ్యనిస్తేగా."

"మందులు?"

లువా చెప్పింది. నర్సు ఆ పొట్లం సంగతి, పొద్దునపూట తూలే సంగతి విని తలూపింది. "అది ఆపేయించాలి, డాక్టరుతో నేను మాట్లాడతాను. దాని మత్తు పొద్దున దాకా దిగదు, ఆ తూలుడు దానివల్లే." తరవాత సుయెన్ వైపు తిరిగి మెల్లగా అంది. "మీరు బాగా చూసుకుంటున్నారమ్మా, కనబడుతూనే ఉంది. కానీ ఈ కాళ్లకి పని కావాలి. పొయ్యిగట్టు పట్టుకుని నిలబడమనండి, కుర్చీలోంచి కొద్దికొద్దిగా లేవడం కూర్చోవడం చెయ్యమనండి. పక్కన మీరుండండి. కానీ ఎత్తుకోకండి."

తిరుగు పడవలో బిక్ తన నిర్ణయం చెప్పేసింది. అమ్మని కాన్‌థో తీసుకుపోతాను. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, గదికి ఏసీ ఉంది, పనిమనిషి ఉంది. తాన్ తలూపబోయాడు.

"మూడో అంతస్తులో నేనేం చేస్తాను? కిటికీలోంచి లెక్కపెడతానా వచ్చేపోయే బళ్లని?" అంది లువా. "అయినా నేనొస్తే దీనికి వండి పెట్టేదెవరు? వీడు ఎల్లుండి పడవెక్కుతాడు. అది ఒంటిచేత్తో చేప తోముతుందా?"

"నువ్వు వండుతావా అమ్మా? లేచి నిలబడలేని దానివి!"

"కూర్చుని వండుతాను. నిలబడ్డం వచ్చాక నిలబడి వండుతాను."

చుట్టాలు వెళ్లిపోయారు, తాన్ కూడా పడవకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు, ఇద్దరికీ కలిపి మూడు చేతులు. మొదట్లో వంట ఒక యుద్ధంలా ఉండేది. లువా ముక్కాలిపీట మీద కూర్చుని కూరలు తరిగేది, సుయెన్ ఎడంచేత్తో గిన్నెలు అందించేది. ఉప్పు రెండుసార్లు పడేది, కారం మర్చిపోయేవారు.

"ఇంత చప్పగా ఉంటే మీ మామయ్య గిన్నె ఎత్తి కాలవలో పడేసేవాడు" అనేది లువా.

"మామయ్యకి వండింది మీరేగా. ఎన్ని గిన్నెలు పోయాయి?"

"నీకు చెయ్యి విరిగాక నోరొచ్చిందే!"

మధ్యమధ్యలో లువా పొయ్యిగట్టు పట్టుకుని నిలబడేది. లేచేటప్పుడు మూలిగేది, తిట్టేది, నర్సుని, కాళ్లని, కోడల్ని, పోయిన మొగుణ్ణి వరసపెట్టి తిట్టేది. తిట్లు తిరిగొచ్చినందుకు సుయెన్‌కి ప్రాణం లేచొచ్చింది. చేతులు మాత్రం కట్టుకుని నిలబడేది. పిండికట్టు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ చేతులు ముందుకి దూకకుండా ఆపడం ఆమె వల్ల అయ్యేది కాదు.

ఇంకో సంగతి ఉంది, అది ఆమె ఎవరితోనూ అనలేదు. పడిన రోజు నుంచీ సుయెన్‌కి తన ఇంటి నేలంటే భయం పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగుతుంటే కాలివేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. ఎక్కడైనా తడి మెరిస్తే చుట్టు తిరిగి పోయేది. ఒకనాడు స్నానాల గదికి వెళ్తూ, తను గోడకి అరచెయ్యి ఆనించి నడుస్తున్నానని గమనించి ఆగిపోయింది. చెయ్యి ఆనిన చోట గోడ మీద సన్నగా మాసిన చార ఉంది. అత్తగారి మంచం దగ్గర మొదలై, మలుపు తిరిగి, స్నానాల గది దాకా ఒకే ఎత్తులో సాగింది. ఆ మరకని తను ఎన్నిసార్లు సబ్బునీళ్లతో రుద్దిందో! చిన్నపిల్లలెవరూ లేని ఇంట్లో ఇది ఎక్కణ్ణుంచి వస్తుందా అని విసుక్కునేది. పడకముందు కూడా, ఎన్నో నెలలుగా, లువా ఇలాగే గోడ పట్టుకుని ఈ ఇంట్లో తిరిగింది. జెల్ల చేప అని నవ్వించింది. నాకు భయంగా ఉందని మాత్రం అనలేదు. అంటే కోడలు మనసు కష్టపెట్టుకుంటుందని.

సుయెన్ అక్కడే గోడకి తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. మర్నాడే తాపీమేస్త్రీకి కబురు పంపింది.

మేస్త్రీ వచ్చి నేల చూసి నొచ్చుకున్నాడు. "ఇంత ఖరీదైన సరుకు పగలగొట్టమంటున్నావేంటమ్మా? చాపలు పరుచుకోరాదూ?"

"చాప జారితే ఇంకా బాగా పడతాం. వంటిల్లు, స్నానాల గది, వాటి మధ్య దారి. మొత్తం పీకెయ్యండి. గరుకువి వెయ్యండి. గోడకి పట్టుకునే గొట్టం బిగించండి."

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. సుయెన్ వాకిట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుంది. ఒక్కో దెబ్బకి భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. లువా చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఆ కర్రంటే ఆవిడకి ఒళ్లుమంట. దాన్ని కుక్కని కట్టేసినట్టు చెట్టుకి ఆనించింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడువ్. బాగుండేది ఆ నేల."

సుయెన్ ఆశ్చర్యపోయి చూసింది. "మీకు నచ్చేది కాదుగా?"

"కాళ్లకి నచ్చలేదు. కళ్లకి నచ్చకపోవడమేం?" లువా కాలువ వైపు చూస్తూ అంది. "నువ్వు పొద్దున్నే తుడిచి నడుం మీద చెయ్యేసుకుని నిలబడేదానివి చూడు, అప్పుడు నీ మొహం చూడాలి. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ నీ మొహం అలా ఎన్నడూ చూళ్లేదు. ఇంక నేనేమనను?"

లోపల ఇంకో టైల్ పగిలింది.

"ముందు గదిలోవి ఉండనియ్" అంది లువా. "పెద్దల పటాల ముందు నీ అద్దం నీకుండాలి. నేను అక్కడికి చెప్పులేసుకుని వస్తాను, రబ్బరువి, అడుగున పళ్లున్నవి."

"ఇంట్లో చెప్పులా అత్తయ్యా? పటాల ముందా?"

"మీ మామయ్య ఏమీ అనుకోడు. ఆయనకి నేను పడకపోవడమే కావాలి. నేను పైకి పోతే మళ్లీ నా వంట తినాలిగా."

సుయెన్ కన్నీళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

సెలవుకి వచ్చిన తాన్ కొత్త నేల మీద అటూ ఇటూ నడిచి చూశాడు. మట్టిరంగు, గరుకు, ఏ మాత్రం మెరుపు లేదు. పెళ్లాన్ని ఏదో అనబోయి ఆగి, గొట్టం గట్టిగా ఉందో లేదో ఊపి చూశాడు. తరవాత రేవు దగ్గరికి వెళ్లి, విరిగిపోయిన మెట్లు రెండు తీసి కొత్తవి వేశాడు. పక్కన చేతికందేలా దుంగలు పాతి కమ్మీ కట్టాడు. "నన్నడక్కుండా అన్నీ మీరే చేసేసుకుంటే నేనేం చెయ్యాలి?" అని గొణిగాడు. ఆసుపత్రిలో అరిచినందుకు అతను చెప్పిన క్షమాపణ అంతే. సుయెన్‌కి అది సరిపోయింది.

పిండికట్టు తీసేశాక కూడా సుయెన్ మణికట్టు చల్లపూట లాగేది. లువా చేతికర్ర లేకుండా వంటింట్లో తిరుగుతోంది, వాకిట్లోకి మాత్రం అది కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం వచ్చింది గానీ, అన్ని రోజులూ రాదు. మబ్బుపట్టిన రోజు మోకాళ్లు మొరాయిస్తాయి. అదివరకటి మనిషి పూర్తిగా తిరిగి రాలేదు. వస్తుందని ఎవరూ అనలేదు కూడా.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున, తెరపి ఇచ్చిన వేళ, కాలువలోంచి కూరల పడవామె కేక వినబడింది. సుయెన్ అప్పుడు బియ్యం కడుగుతోంది. తలెత్తేసరికి లువా వాకిలి సగం దాటేసింది. నేలంతా తడి. మెట్లు తడి. గొంతు దాకా వచ్చింది కేక: అత్తయ్యా, ఆగండి, నేను తెస్తాను. సుయెన్ బియ్యం గిన్నె రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

లువా కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కర్ర కాస్త జారింది. మనిషి ఊగింది. లువా కమ్మీని రెండు చేతులా పట్టుకుని, అలాగే నిలబడి, పడవామెని తిట్టడం మొదలుపెట్టింది.

"ఆ తోటకూరకి అంత చెబుతావా? బురదకి కూడా కలిపి చెబుతున్నావా ఏంటి?"

"ముసలమ్మా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు? నీ గొంతు వినక మాకు బేరాలే సాగలేదు" అని పడవామె కిందనుంచి నవ్వింది.

"ఎక్కడికి పోతాను, ఇక్కడే. కట్ట విప్పి చూపించు."

బేరం చాలాసేపు సాగింది. సుయెన్ అక్కణ్ణుంచి కదల్లేదు. కడిగిన బియ్యమే మళ్లీ కడిగింది. లువా కూరకట్ట చంకలో ఇరికించుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, మధ్యలో ఓసారి ఆగి ఊపిరి తీసుకుని, వాకిట్లోకొచ్చింది. వంటింటి గుమ్మంలో చెప్పులు దులిపి, కూరకట్ట గట్టు మీద పడేసింది.

"ఏమే, చూస్తున్నావా దొంగచాటుగా?"

"బియ్యం కడుగుతున్నాను అత్తయ్యా."

"ఆ బియ్యం ఇంక కడిగితే గంజే మిగుల్తుంది. ఇలా తే, పొయ్యి మీద పెడతాను. నువ్వు ఆకు వలువు."

సుయెన్ గిన్నె ఆవిడ చేతికిచ్చి, కూరకట్ట ముందు కూర్చుంది.